చలికాలం సాలలో పని ఎవరిది?

మార్గశిరం వచ్చిందంటే నాకు వచ్చే ఉత్తరాల్లో సగం పశువుల సాల నుంచే వస్తాయి. ఈసారి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఐదు ఉత్తరాలు తీసుకున్నాను. పేర్లు వేయొద్దని అందరూ అడిగారు కాబట్టి వేయడం లేదు. మొదటి ఉత్తరం చదివాక రెండు రోజులు నాకు వేరే ఆలోచన లేదు, అందుకే దాని జవాబు పొడుగైంది.

ప్రశ్న: అప్పా (అక్కా), మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. పెళ్ళయి నాలుగేళ్ళు, రెండేళ్ళ బాబు ఉన్నాడు. ఇంట్లో ఐదు గేదెలు, మూడు పాలిస్తున్నాయి. మా ఆయనకి విశాఖపట్నంలో ఉద్యోగం, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లారకుండానే వెళ్ళిపోతారు. నాలుగింటికి లేచి పేడ తీయడం, గేదెల్ని కడగడం, పాలు పితకడం, ఆరింటికల్లా కేంద్రంలో పోయడం అన్నీ నేనే. చలికి చేతులు పగిలి రక్తం వస్తోంది. అత్తగారు 'మా రోజుల్లో మేము చెయ్యలేదా' అంటారు. పాల డబ్బులు మామగారి ఖాతాలో పడతాయి, బాబుకి స్వెట్టర్ కొనాలన్నా అడగాలి. గేదెలంటే నాకు ఇష్టమే, గొడవ పెట్టుకోవాలని లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: చెల్లీ, ముందు చేతుల సంగతి చూద్దాం, అది రేపు పొద్దున్నే మార్చుకోవచ్చు. చలికాలంలో నాలుగింటికి గేదెని ఒళ్ళంతా కడగాల్సిన పని లేదు. కడగకూడదు కూడా. ఆ వేళ పొదుగూ చనుకట్లూ మాత్రం గోరువెచ్చని నీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తడి లేకుండా తుడువు, అంతే. ఒళ్ళు కడగడం తొమ్మిది, పది గంటలకి ఎండ బాగా వచ్చాక పెట్టుకో. ఈ ఒక్క మార్పుతో నీకు ముప్పావుగంట మిగులుతుంది, గేదెకి వణుకు తప్పుతుంది. పితకడం అయ్యాక చేతులకి కొబ్బరినూనె రాసుకో, అదే నూనె చనుకట్లకీ రాయి, చలిగాలికి అవీ పగులుతాయి. పగిలిన చెయ్యి, పగిలిన చనుకట్టు రెండూ పొదుగువాపు తెచ్చిపెట్టేవే. అత్తగారితో ఈ మాట ఇలాగే చెప్పు. 'నా చేతులు నొప్పిగా ఉన్నాయి' అంటే వినకపోవచ్చు, 'పొదుగువాపు వస్తే పూటకి ఐదు లీటర్లు పోతాయి' అంటే వింటారు. అలా చెప్పాల్సి రావడం నాకూ బాధే, కానీ నీ చేతులు బాగవ్వడం ముఖ్యం.

ఇంకొకటి, పితికిన వెంటనే గేదెని పడుకోనివ్వకు. చనుకట్టు రంధ్రం మూసుకోవడానికి కొంతసేపు పడుతుంది, ఆ అరగంటలో తడి నేల మీద పడుకుంటేనే రోగం లోపలికి పోతుంది. పాలు తీయగానే ముందు గడ్డి వేసెయ్యి, తింటూ నిలబడుతుంది.

'మా రోజుల్లో మేము చెయ్యలేదా' అన్న మాటకి వస్తాను. వాళ్ళు చేశారు, నిజమే. కానీ ఆ రోజుల్లో ఇంటికి రెండు గేదెలు, ఇద్దరో ముగ్గురో తోటికోడళ్ళు, కాస్త కలిగిన ఇల్లయితే గొడ్ల పనికి ఒక కంబారి. పాలు ఇంటికీ, మజ్జిగకీ, ఊళ్ళో రెండు గడపలకీ. ఆరింటికల్లా క్యాను దగ్గర నిలబడాలన్న టెన్షన్ లేదు. ఇప్పుడు ఐదు గేదెలు, ఒక్క మనిషి, చంకలో పిల్లాడు. పని పెరిగింది, చేతులు తగ్గాయి. అత్తగారు చెడ్డవారని నేననుకోను, ఆవిడ చలికాలాలు కూడా ఎవరూ లెక్కపెట్టకుండానే అయిపోయి ఉంటాయి.

కాబట్టి నువ్వు లెక్కపెట్టు. ఒక పుస్తకం తీసుకుని పదిహేను రోజులు రాయి. ఎన్నింటికి లేచావు, ఎన్నింటికి సాల నుంచి బయటపడ్డావు, ఎన్ని లీటర్లు పోశావు, వెన్న శాతం ఎంత వచ్చింది, తవుడుకీ తెలగపిండికీ ఎంత అయింది, డబ్బు ఎంత పడింది. పాల బిల్లు వచ్చిన వారంలో, మీ ఆయన ఇంట్లో ఉన్న ఆదివారం, భోజనాలయ్యాక అందరి ముందూ తెరిచి పెట్టు. పొద్దున్న సాలలో మాత్రం ఈ మాట ఎత్తకు, ఆ వేళ ఎవరి ఒంట్లోనూ ఓపిక ఉండదు. నేను కొత్తకోడలిగా ఉన్నప్పుడు ఇదే చేశాను. మా మామగారు ఆ పుస్తకం రెండుసార్లు తిప్పి చూసి, ఏమీ అనకుండా మంచం మీద పెట్టేసి వెళ్ళిపోయారు. ఆ రాత్రంతా నాకు భయంగానే ఉంది. మూడో రోజు తెల్లవారుజామున నేను లేచేసరికి సాలలో లాంతరు వెలుగుతోంది, ఆయన చేతిలో పేడగంప ఉంది. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది, అట్ట మీద తవుడు చేతి మరక పోలేదు.

నువ్వు అడగాల్సినవి నా లెక్కన మూడు. రాత్రి పడుకునే ముందు తొట్టి నింపి, గడ్డి కోసి పెట్టడం మామగారిది. పొద్దున్న ఐదు నుంచి ఏడు దాకా బాబు అత్తగారి పక్కలో. ఆదివారం సాల మొత్తం మీ ఆయనది: కాలువ శుభ్రం చెయ్యడం, మందులు పట్టించడం, ఎదకొచ్చిన గేదెని ఆసుపత్రికి తోలుకెళ్ళడం, అన్నీ. ఇక డబ్బు సంగతి. ఒక గేదె పాలు నీ పేరు మీద, నీ పుస్తకంలో, నీ బ్యాంకు ఖాతాకి వేయించుకో. ఒకే ఇంట్లో ఇద్దరు పోయడంలో తప్పేమీ లేదు. పెయ్యలు పెరిగాక అప్పు కావాలన్నా అది పనికొస్తుంది, 2018-19 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు పాడి పశువులకీ ఇస్తున్నారు, దానికి నీ పేరున నువ్వే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇది అత్తమామలకి ఎదురు తిరగడం కాదు. నాలుగింటికి లేచే మనిషి చేతిలో స్వెట్టర్ డబ్బులు ఉండాలి.

ప్రశ్న: మాది రాజాం దగ్గర. మా మేనల్లుడు అమెరికాలో మోంటానా రాష్ట్రంలో బోజ్‌మన్‌లో చదువుతున్నాడు. అక్కడ ఒక పశువుల రాంచ్‌కి సెలవుల్లో వెళ్ళి వీడియో పంపాడు. మోకాలి లోతు మంచు, వందల ఆవులు, సాల అన్నదే లేదు. ఇక్కడ మా గేదెలు ఈ మాత్రం చలికే వణుకుతున్నాయి. మనం వాటిని గారాబం చేస్తున్నామా? ఇంకో సంగతి, మా గేదెలన్నీ అర్ధరాత్రే ఈనుతున్నాయి. దానికేమైనా ఉపాయం ఉందా?

జవాబు: బాబూ, గారాబం ఏమీ కాదు. ఆ వీడియో మళ్ళీ ఒకసారి చూడు, ఆవుల వీపు మీద మంచు పడి కరగకుండా అలాగే ఉంటుంది. అంటే ఒంటి వేడి బయటికి పోవడం లేదన్నమాట. పగటిపొద్దు తగ్గేకొద్దీ వాటికి ఒత్తుగా చలిబొచ్చు పెరుగుతుంది, దానికి తోడు పొట్టలో ఎండుగడ్డి పులిసేటప్పుడు పుట్టే వేడి. అందుకే చలి ముదిరినకొద్దీ అక్కడివాళ్ళు గడ్డి ఎక్కువ వేస్తారు. బొచ్చు పొడిగా ఉంటే ఆ ఆవులు సున్నాకి 8 డిగ్రీల కింద దాకా తట్టుకుంటాయి. అదే బొచ్చు తడిస్తే 15 డిగ్రీలకే వాటికి చలి మొదలవుతుంది. మన దగ్గర పుష్యమాసం తెల్లవారుజాము ఇంచుమించు అంతే ఉంటుంది కదా! పై ఉత్తరంలో చెల్లికి నాలుగింటికి కడగొద్దని చెప్పింది ఇందుకే. పైగా మన గేదెకి ఒంటి మీద బొచ్చే పలచన. పొడి నేల, ఈదురుగాలికి ఒక పక్క అడ్డం, కడుపునిండా గడ్డి ఉంటే మన చలికి చాలు.

అక్కడ కూడా దూడ దగ్గరికి వచ్చేసరికి ధీమా ఉండదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈతలు మొదలైతే రాత్రంతా రెండు మూడు గంటలకొకసారి లేచి చూడాలి, తడిగా పుట్టిన దూడకి చెవులూ తోకా గడ్డకట్టుకుపోతాయి, దాన్ని తెచ్చి ట్రక్కులో హీటరు ముందు పడుకోబెడతారు. పగలు తొట్టిలో మంచుగడ్డ గొడ్డలితో పగలగొట్టాలి, అది అయ్యాక గడ్డి మోపులు విప్పి పరవాలి. ఆ రాత్రి కాపలా మొగుడూ పెళ్ళామూ, చేతికందిన పిల్లలూ వంతులేసుకునే ఇళ్ళు అక్కడ చాలా ఉన్నాయి. నీ మేనల్లుడు ఇంకో వీడియో పంపితే ఆ వంతుల సంగతి కూడా అడుగు.

అర్ధరాత్రి ఈతలకి ఉపాయం కూడా ఆ వైపు నుంచే వచ్చింది. కెనడాలో మానిటోబా రాష్ట్రంలో గస్ కోనెఫాల్ అనే పశువుల రైతు 1970ల్లో ఒకటి గమనించాడు. చూడి ఆవులకి మేత పొద్దున్న వేయకుండా, మధ్యాహ్నం ఒకసారి, మళ్ళీ రాత్రి పదింటి ప్రాంతంలో ఒకసారి వేస్తే ఎక్కువ దూడలు పగటిపూటే పుడుతున్నాయి. తర్వాత పరిశోధకులు కూడా చూశారు, సాయంత్రం పొద్దుగుంకే వేళ మేత వేసిన మందల్లో పగటి ఈతలే ఎక్కువ. రాత్రంతా పొట్ట మేత అరిగించే పనిలో ఉంటే నొప్పులు పొద్దుటికి జరుగుతాయని వాళ్ళ ఆలోచన. అవి మాంసం కోసం పెంచే ఆవులు, మనవి గేదెలు, కాబట్టి అచ్చం అలాగే జరుగుతుందని నేను మాట ఇవ్వను. ఖర్చు లేని పని కాబట్టి చేసి చూడు. ఈనడానికి నెల ముందు నుంచీ ప్రధానమైన మేత సాయంత్రం చీకటి పడ్డాకే వెయ్యి, పగలు కొంచెమే. నేను నాలుగేళ్ళుగా చేస్తున్నాను. అర్ధరాత్రి లేవడం పూర్తిగా తప్పలేదు కానీ బాగా తగ్గింది.

ప్రశ్న: నేను టెక్కలి దగ్గర తొమ్మిదో తరగతి చదువుతున్నాను. పోయిన సంక్రాంతికి మా గేదె దూడ పన్నెండు రోజులకే చచ్చిపోయింది. తెల్లగా విరోచనాలు అయ్యాయి. ఇప్పుడు ఇంకో గేదె ఈనబోతోంది. ఈ దూడని నేనే చూసుకుంటానని మా అమ్మతో అన్నాను. ఏం చెయ్యాలి?

జవాబు: నాయనా, నువ్వు పూనుకున్నావు కాబట్టి ఒక్కొక్కటీ చెబుతాను, మీ అమ్మకి చదివి వినిపించు.

దూడ పడగానే ముక్కులో, నోట్లో జిగురు తుడిచి, తల్లిని నాకనివ్వాలి. తల్లి నాకకపోతే నువ్వే పొడి గోనెతో ఒళ్ళంతా గట్టిగా రుద్దు, అలా రుద్దితేనే ఊపిరి అందుకుంటుంది. బొడ్డుని ఒంటికి రెండు అంగుళాల దూరంలో ఉడికించిన దారంతో కట్టి, కింద కత్తిరించి, టింక్చర్ అయోడిన్ పెట్టు. గంటలోపు ముర్రుపాలు తాగాలి. మాయ పడేదాకా దూడని వదలకూడదని మన ఊళ్ళలో కొందరంటారు, ఆ మాట వినకు. దూడ పుట్టేటప్పుడు దాని ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి ఉండదు, అది ముర్రుపాలతోనే రావాలి, పైగా ఒకరోజు దాటాక పేగు ఆ శక్తిని లోపలికి తీసుకోదు. 30 కిలోల దూడకి మొదటి రోజు మూడు లీటర్లు, మూడు నాలుగు సార్లుగా. జున్ను ఇరుగుపొరుగుకి పంచడం మన ఆనవాయితీ, దూడ తాగాక మిగిలినదే పంచమని అమ్మతో చెప్పు.

మీ దూడకి ఏమైందో నేను చూడలేదు. గేదె దూడల్లో ఏలికపాములు తల్లి పాలగుండానే వస్తాయి, పది రోజులు తిరిగేసరికి విరోచనాలు పట్టుకుంటాయి. పది పదిహేను రోజుల మధ్య పాముల మందు తప్పకుండా పట్టించాలి. ఎంత పట్టాలో రైతు సేవా కేంద్రంలో పశువుల సహాయకుడిని అడుగు, దూడ బరువుని బట్టి చెబుతారు. విరోచనాలు మొదలైతే ఒక పూట కూడా ఆగొద్దు, 1962కి ఫోన్ చేయించు, పశువుల అంబులెన్సు వస్తుంది.

ఇక చలి. పాత గోనెసంచి నాలుగు మూలలా తాళ్ళు కట్టి వీపు మీద వెయ్యి, రాత్రి తొడిగి ఎండ ఎక్కాక తీసెయ్యి. కింద మందంగా ఎండుగడ్డి వేసి, తడిసిందల్లా రోజూ మార్చు. నా చేతుల్లో ఒక పెయ్య పోయింది, ఇరవై ఏళ్ళ కింద. చలని చెప్పి సాలకి నాలుగు పక్కలా టార్పాలిన్ కట్టేసి, లోపల పొగ కూడా వేశాను. తెల్లారి టార్పాలిన్ తీస్తే మూత్రం ఘాటుకి నా కళ్ళే మండాయి. ఆ దూడకి ఊపిరితిత్తులు పట్టేశాయి, మూడో రోజు నా ఒళ్ళోనే తల వాల్చింది. గాలి తగిలే వైపు మాత్రమే కట్టు, పైన జానెడు ఖాళీ వదులు.

మగదూడ పుడితే పాలు తగ్గించేస్తారు చాలా ఇళ్ళలో. నువ్వు తగ్గించకు. ఈనాక ఎలా ఉందో నాకు రాయి.

ప్రశ్న: కోతల ముందు వానకి మా గడ్డి తడిసిపోయింది. వామి వేశాం కానీ లోపల బూజు వాసన వస్తోంది. కొత్త గడ్డి వచ్చేదాకా ఇదే వేయొచ్చా? యూరియా కలిపితే బాగవుతుందా? (గజపతినగరం దగ్గర నుంచి)

జవాబు: వేయొద్దు అన్నా. బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెలకి చలికాలంలో డెగ్నాలా అనే జబ్బు వస్తుంది. ముందు కాళ్ళు వాస్తాయి, తర్వాత తోక కొస, చెవుల కొసలు నల్లబడి ఎండిపోతాయి, గిట్టలు ఊడొచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన ఏడాది ఉద్దానంలో మా చుట్టాలింట్లో వామి సగం తడిసింది. చేత్తో లోపలికంటా తీసి చూస్తే నలుపు, బూడిదరంగు పొరలు, దులిపితే పొగలాగా పొడి లేచింది. దాన్ని మొత్తం పెంటలోకి వేసేసి, నెలకి సరిపడా గడ్డి కొనుక్కున్నారు. డబ్బు పోయింది, గేదెలు మిగిలాయి. మీరూ వామి విప్పి ఎండలో పరవండి. వాసన, మచ్చ లేని పరకే వాడండి.

యూరియా బూజుకి మందు కాదు. మంచి గడ్డికి బలం పెంచడానికే అది: 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరిగించి పొరలు పొరలుగా చల్లి, గాలి పోకుండా 21 రోజులు కప్పి ఉంచాలి. ఆరు నెలల లోపు దూడలకి పెట్టకూడదు. యూరియా నీళ్ళ బకెట్ పశువుకి అందేచోట క్షణం కూడా పెట్టకండి, తాగితే ప్రాణం పోతుంది. అన్నట్టు, మీ వైపు మళ్ళలో పిల్లిపెసర చల్లుతారు కదా, మంచు తడి ఆరకుండా పొద్దున్నే ఆకలి మీద దాంట్లోకి తోలితే కడుపు ఉబ్బిపోతుంది. ముందు నాలుగు పరకలు ఎండుగడ్డి తినిపించి, ఎండ వచ్చాక తోలండి.

ప్రశ్న: నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్నగారికి 71 ఏళ్ళు, నరసన్నపేట దగ్గర ఊళ్ళో ఉంటారు, అమ్మ పోయి రెండేళ్ళు. పొలం ట్రాక్టరుతోనే దున్నిస్తున్నాం, అయినా ఆయన ఎడ్లజతని ఉంచుకున్నారు. ఈ చలిలో నాలుగింటికి లేచి ఉలవలు ఉడకబెడుతున్నారట, పోయిన నెల దగ్గుతో మూడు రోజులు మంచం పట్టారు. నారాయణవలస సంతలో అమ్మేద్దామంటే మాట్లాడటం మానేశారు. ఆయనకి చెప్పకుండా అమ్మించేస్తే కొన్నాళ్ళకి సర్దుకుంటారు కదా?

జవాబు: సర్దుకోరు తమ్ముడూ. దయచేసి ఆ పని చెయ్యకు. నీ భయం నాకు తెలుస్తోంది, ఫోన్లో దగ్గు వినపడుతుంటే దూరాన ఉన్నవాడికి ఇంకేమీ తోచదు. కానీ అమ్మగారు పోయాక ఆ ఇంట్లో ఆయన కోసం పొద్దున్నే ఎదురుచూసేవి ఆ రెండే. ఆయన వస్తున్న అడుగుల చప్పుడుకి అవి లేచి నిలబడతాయి. నువ్వు వెళ్ళినప్పుడు ఒక పొద్దున్న ఆయన వెనకే సాలలోకి వెళ్ళి చూడు, మూపురం మీద చెయ్యి వేసి ఎంతసేపు నిలబడతారో.

మార్చాల్సింది ఆ నాలుగింటి లేవడం. దున్నని ఎడ్లకి తెల్లవారుజామున ఉలవలు ఉడికించి పెట్టాల్సిన పని లేదు. బరువు పని లేనప్పుడు మంచి ఎండుగడ్డి, కాస్త పచ్చిక, గుప్పెడు తవుడు, కొంచెం ఉప్పు సరిపోతాయి. ఉలవలే పెట్టాలని ఆయనకుంటే రాత్రి నానబెట్టి ఎనిమిదింటికి ఉడకబెట్టుకోవచ్చు. పేడ తీయడానికీ నీళ్ళు పెట్టడానికీ ఊళ్ళో ఎవరినైనా పూటకి ఇంత అని మాట్లాడు, ఆ డబ్బు నువ్వు పంపు. పెద్ద ఎద్దు రోజుకి పది కిలోల పేడకి తక్కువ వేయదు, జతకి ఏడాది గత్తం ఎంతవుతుందో లెక్క వెయ్యి. ఆ గత్తం మీ పొలానికే వేస్తే కూలి డబ్బులో కొంత అక్కడే వచ్చేస్తుంది. దగ్గు మాత్రం వదలొద్దు, ఈ వారమే డాక్టరుకి చూపించు.

తర్వాత ఎప్పుడో ఆయనకే చేతకాని రోజు వస్తుంది. అప్పుడు ఎవరికి ఇవ్వాలో ఆయన్నే అడుగు. సంతలో తెలియనివాడి చేతికి పలుపు ఇవ్వడం వేరు, పక్క ఊళ్ళో ఇంకా అరక కట్టే రైతు సాలకి తోలుకెళ్ళి అప్పగించడం వేరు, అక్కడికైతే ఆయన నెలకోసారి వెళ్ళి చూసుకోవచ్చు.

ఈసారి సెలవు భోగికి కాకుండా కనుమ దాటేదాకా పెట్టుకో. కొమ్ములకి రంగు, మెడకి గంటలు నువ్వే కొనుక్కుని వెళ్ళు. కనుమ పొద్దున్న ఎండ ఎక్కాక ఎడ్లని కడిగేటప్పుడు ఒకదాని పలుపు ఆయన పట్టుకుంటారు, రెండోది నువ్వు పట్టుకో. అమ్మకం మాట ఆ రోజు ఎత్తకు.